సర్కారును చదివిన ఆచార్యుడు రజనీ కొఠారీ

పింఛనుదారుల దినోత్సవ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి పంపమని మన సంఘం కార్యదర్శి గారు కోరారు. చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. వాటి గురించి రాయగల పండితులు మన సభ్యులలోనే ఉన్నారు కనుక ఆ జోలికి నేను పోను. నేను రాయదలచుకున్నది మనం బతికిన కాలపు చరిత్ర. మనమంతా ముప్పై, ముప్పై అయిదేళ్లు ఏ సర్కారు కొలువులో ఉన్నామో, ఆ సర్కారునే జీవితాంతం చదివిన ఒక రాజనీతిశాస్త్ర ఆచార్యుని వృత్తాంతమిది. ఆయన పేరు రజనీ కొఠారీ.

ఈ పేరు మనలో చాలామందికి కొత్త కావచ్చు. మీ ఇళ్లలో రాజనీతిశాస్త్రం చదివిన అబ్బాయో అమ్మాయో ఉంటే అడిగి చూడండి, వెంటనే చెబుతారు. నేను 1977-79 మధ్య ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా ఎం.ఏ. పరీక్షకు చదివినప్పుడు ఈయన పుస్తకంతో మొదటిసారి పరిచయమైంది. ఆ తరువాత ఆయన రాసినవి దొరికినంతమేరకు చదువుతూ వచ్చాను.

స్థూలంగా చెప్పాలంటే కొఠారీ గారి చదువంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. ఇంత పెద్ద దేశంలో, ఇన్ని భాషలు, ఇన్ని కులాల మధ్య ప్రభుత్వమనేది ఎట్లా నిలబడుతోంది? ఇది మొదటి ప్రశ్న. అట్లా నిలబడిన ప్రభుత్వం మామూలు మనిషిని ఏం చేస్తోంది? ఇది రెండవది. మొదటిది పరిపాలనకు సంబంధించినది, రెండవది మానవ హక్కులకు సంబంధించినది. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి దేశవిదేశాలలో పేరు తెచ్చుకున్న మనిషి, యాభై ఏళ్లు దాటుతుండగా రెండవ ప్రశ్నను నెత్తికెత్తుకున్నారు. ఎందుకు ఎత్తుకోవలసి వచ్చిందన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పబోయే విషయం.

బరోడా నుంచి ఢిల్లీకి

కొఠారీ గారు 1928లో గుజరాతీ వర్తక కుటుంబంలో పుట్టారు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివి వచ్చి, బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. 1961లో బొంబాయి నుంచి వెలువడే 'ఎకనామిక్ వీక్లీ'లో భారత రాజకీయాల మీద వరుసగా వ్యాసాలు రాశారు. అప్పట్లో మన కళాశాలల్లో రాజనీతిశాస్త్రమంటే రాజ్యాంగంలోని అధికరణాలు, బ్రిటిషు పార్లమెంటు సంప్రదాయాలు బట్టీ పట్టడమే. పుస్తకంలో రాసి ఉన్న ప్రభుత్వం వేరు, ఊళ్లో నడిచే ప్రభుత్వం వేరు, ఆ రెండవదాన్ని ఎవరైనా చదవాలి కదా అన్నది ఆ వ్యాసాల సారాంశం. గ్రామ కరణం దగ్గర నుంచి సచివాలయం దాకా చూసిన మనకు ఇందులో వింతేమీ లేదు గాని, విశ్వవిద్యాలయాలకు మాత్రం అది కొత్త మాటే.

కొంతకాలం ఆయన ముస్సోరీలో ఉన్న జాతీయ సమాజాభివృద్ధి సంస్థలో పనిచేశారు. తరువాత ఆ సంస్థే మన హైదరాబాదు రాజేంద్రనగర్‌కు తరలివచ్చి, నేడు జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థగా ఉంది. మన శాఖలవారు చాలామంది అక్కడ శిక్షణకు వెళ్లి వచ్చారు. అవి పంచాయతీరాజ్ మొదలైన రోజులు. 1959 అక్టోబరులో రాజస్థాన్‌లోని నాగౌర్‌లోనూ, వెంటనే మన షాద్‌నగర్‌లోనూ నెహ్రూ గారు స్వయంగా వచ్చి ప్రారంభించారు. ఓటు పల్లెకు చేరింది సరే, అధికారం కూడా చేరుతుందా అన్నది అప్పటి చర్చ.

1963లో ఢిల్లీలో కొఠారీ గారు 'సెంటర్ ఫర్ ది స్టడీ ఆఫ్ డెవలపింగ్ సొసైటీస్' అనే పరిశోధన సంస్థను నెలకొల్పారు. డి.ఎల్. సేఠ్, ఆశిష్ నంది వంటి వారు ఆయనతో కలిసి పనిచేశారు. ఈ సంస్థ 1967 ఎన్నికలలో దేశమంతటా ఓటర్ల వద్దకు మనుషులను పంపి, ఎవరు ఎందుకు ఓటు వేస్తున్నారో అడిగి రాయించింది. ఈనాడు ఎన్నికలు రాగానే టీవీల్లో సర్వేలు హోరెత్తిస్తున్నాయి గదా, వాటికి మన దేశంలో శాస్త్రీయమైన పునాది వేసినవారిలో ఈ సంస్థ ముందు వరుసలో ఉంది.

'కాంగ్రెస్ వ్యవస్థ' అనే సిద్ధాంతం

1964లో 'ఏషియన్ సర్వే' అనే పత్రికలో రాసిన వ్యాసం ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. అందులో చెప్పిందే 'కాంగ్రెస్ వ్యవస్థ' అనే సిద్ధాంతం. దీన్ని లెక్కలతో చెబితే సులువుగా తెలుస్తుంది. 1952లో లోక్‌సభలోని 489 స్థానాలలో కాంగ్రెసుకు 364 వచ్చాయి. వచ్చిన ఓట్లు మాత్రం నూటికి 45. 1957లో 371 స్థానాలు, 1962లో 361 స్థానాలు వచ్చినా, ఓట్లు ఏనాడూ నూటికి యాభై దాటలేదు. మన ఆంధ్ర రాష్ట్రంలో 1955 ఎన్నికలలో కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు వచ్చినా, 196 స్థానాలలో 15 మాత్రమే దక్కాయి. ఓట్లకూ సీట్లకూ ఇంత తేడా ఉన్న దేశంలో ఓడినవారు తిరగబడకుండా ఎట్లా ఉన్నారు?

కొఠారీ గారి జవాబు ఇది. కాంగ్రెసు ఒక పార్టీ మాత్రమే కాదు, అన్ని రకాల వాళ్లూ లోపల కూర్చుని బేరమాడుకునే ఒక పెద్ద చావడి వంటిది. ఆ పార్టీలోని వర్గాలే ఒకదానికొకటి ప్రతిపక్షంగా పనిచేస్తాయి. బయటి ప్రతిపక్షాలు గెలవకపోయినా, లోపలి వర్గాల మీద ఒత్తిడి తెచ్చి తమ మాట నెగ్గించుకుంటాయి. అందువల్ల ఒకే పార్టీ ఏలుతున్నా అది నియంతృత్వం కాలేదు. మన జిల్లాలలో ఆనాటి జిల్లా పరిషత్తు ఎన్నికలు చూసినవారికి ఈ మాట ఎంత నిజమో తెలుసు. పోటీ ఎక్కువగా ఒకే పార్టీలోని రెండు వర్గాల మధ్యనే ఉండేది.

1970లో వెలువడిన 'పాలిటిక్స్ ఇన్ ఇండియా' విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది. అదే సంవత్సరం ఆయన సంపాదకత్వంలో 'కాస్ట్ ఇన్ ఇండియన్ పాలిటిక్స్' వచ్చింది. కులం వచ్చి రాజకీయాలను చెడగొడుతోందని పెద్దలంతా వాపోతున్న రోజులవి. కొఠారీ గారు దాన్ని తిరగేసి చూడమన్నారు. రాజకీయాలు కులం వద్దకు వెళుతున్నాయి, వెళ్లి కులాన్నే మారుస్తున్నాయి, నిన్నటిదాకా నోరెత్తని వారికి సంఖ్యాబలం నోరిస్తోంది అన్నారు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ తరువాతి యాభై ఏళ్ల చరిత్రను ఈ మాట లేకుండా అర్థం చేసుకోవడం కష్టం.

ఇంతవరకూ ఆయన ప్రభుత్వం నిలబడే తీరును వివరించిన పండితులు. 1970ల తొలినాళ్లలో ఢిల్లీలోని అధికార వర్గాలకు సన్నిహితంగా కూడా ఉన్నారు. అలాగే ఉండిపోయి ఉంటే పదవులకు లోటుండేది కాదు.

ఎమర్జెన్సీ తెచ్చిన ప్రశ్న

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. అప్పుడు నేనొక తాలూకా కచేరీలో గుమాస్తాను. పదిన్నర కాగానే హాజరుపట్టీ ఆఫీసరు గారి గదిలోకి వెళ్లిపోయేది. అందరూ వేళకు వచ్చేవారు. క్రమశిక్షణ బాగుందని మాలో చాలామంది మెచ్చుకున్న మాట కూడా వాస్తవమే. ఇరవై సూత్రాల కార్యక్రమం కింద ప్రతి పక్షానికీ ప్రగతి నివేదిక పంపవలసి ఉండేది. ప్రొఫార్మాలో గ్రామం పేరు, లబ్ధిదారుల సంఖ్య, పంచిన విస్తీర్ణం, ఇచ్చిన పట్టాలు అని కాలములుండేవి. ఒకనాడు ఒక వృద్ధుడు పట్టా కాగితం చేతపట్టుకొని వచ్చి, "అయ్యా, కాగితమైతే ఇచ్చారు గాని, నేల చూపలేదు బాబూ" అన్నాడు. సర్వేయరు వెళ్లి హద్దులు చూపలేదన్నమాట. హెడ్ గుమాస్తా గారికి చెబితే, "ఏం చేస్తాం అబ్బాయ్, ప్రొఫార్మాలో ఆ కాలం లేదు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, ఉన్నమాటే చెప్పారు. నేను విడిగా నోటు పెట్టాను. ఫైలు పైకి వెళ్లింది. నాకు బదిలీ అయ్యేనాటికి తిరిగి రాలేదు.

దేశం మొత్తం మీద అప్పుడు జరిగింది ఇటువంటిదే. లెక్కలన్నీ సక్రమంగా ఉన్నాయి, మనిషి మాత్రం లెక్కలో లేడు. వేలాదిమందిని విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. అట్లా పెట్టినవారు కోర్టుకు వెళ్లవచ్చునా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకు వచ్చింది. 1976 ఏప్రిల్ 28న అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు వెళ్లడానికి వీల్లేదన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ ఒక్కరి మాటే సరైనదని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పడానికి 2017 ఆగస్టు 24 దాకా పట్టింది.

కొఠారీ గారు ఎమర్జెన్సీని వ్యతిరేకించారు. తన సిద్ధాంతాన్ని కూడా తిరిగి పరీక్షించుకోవలసి వచ్చింది. లోపల బేరసారాలు జరిగే చావడి అనుకున్నది ఒక్క రాత్రిలో తలుపులు వేసుకోగలిగిందంటే, పార్టీలను, ఎన్నికలను మాత్రమే చదివితే చాలదని ఆయనకు తోచింది. 1977 మార్చిలో ఉత్తరాదిన కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోయింది. మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే వచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల, అక్కడ గెలిచినవారు నీలం సంజీవరెడ్డి గారు. నేను ఎం.ఏ. పరీక్షకు 'కాంగ్రెస్ వ్యవస్థ'ను చదువుతున్న రోజులలో పుస్తకంలోని వ్యవస్థ ఢిల్లీలో కూలిపోయి, మా ఊళ్లో మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. అది ఇక్కడ కూలడానికి 1983 జనవరి రావలసి వచ్చింది. అది ఎన్.టి. రామారావు గారి విజయం, మనందరికీ తెలిసిన కథ.

హక్కుల వైపు

ఎమర్జెన్సీలోనే, 1976లో జయప్రకాశ్ నారాయణ్ గారి చొరవతో పౌరహక్కుల సంఘమొకటి ఏర్పడింది. 1980లో అది పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్‌గా, క్లుప్తంగా పి.యు.సి.ఎల్.గా స్థిరపడింది. జనతా ప్రభుత్వ కాలంలో భారత సాంఘికశాస్త్ర పరిశోధనా మండలి అధ్యక్షులుగా పనిచేసిన కొఠారీ గారు, తరువాత ఈ సంఘంలోకి వచ్చి దానికీ అధ్యక్షులయ్యారు. అదే పదవిని తరువాతి కాలంలో మన హైదరాబాదు న్యాయవాది కె.జి. కన్నబిరాన్ గారు చాలా ఏళ్లు నిర్వహించారు. ఎమర్జెన్సీ కాలంలో మన రాష్ట్రంలో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద 1977లో నిజనిర్ధారణ జరిపిన తార్కుండే కమిటీలోనూ కన్నబిరాన్ గారు ముఖ్యులు.

కొఠారీ గారు అధ్యక్షులుగా ఉండగానే 1984 నవంబరు వచ్చింది. ప్రధాని ఇందిరా గాంధీ గారి హత్య తరువాత ఢిల్లీ వీధులలో సిక్కులను ఊచకోత కోశారు. పి.యు.సి.ఎల్., పి.యు.డి.ఆర్. అనే రెండు సంఘాలవారు ఆ రోజులలోనే బస్తీలకు, సహాయ శిబిరాలకు వెళ్లి, బాధితులను, పోలీసులను, ఇరుగుపొరుగువారిని విచారించి, అదే నెలలో 'హూ ఆర్ ది గిల్టీ' అనే చిన్న నివేదిక ప్రచురించారు. దాని కింద ఒక సంఘం తరఫున గోవింద ముఖోటీ గారు, మరొక సంఘం తరఫున కొఠారీ గారు సంతకం చేశారు. ఇది జనం అప్పటికప్పుడు ఆవేశపడి చేసింది కాదు, పద్ధతి ప్రకారం జరిపించినదని వారు తేల్చారు. బాధితులు చెప్పిన పేర్లను దాచకుండా అచ్చువేశారు.

ఈ విషయాన్ని మనం ఉద్యోగుల దృష్టితో చూడాలి. మన భాషలో చెప్పాలంటే అదొక విచారణ నివేదిక. స్థలానికి వెళ్లి, వాంగ్మూలాలు తీసుకొని, సంతకం చేసి ఇచ్చినది. ఆ పని చేయవలసిన యంత్రాంగం చేయనందున, జీతం బత్తెం లేనివారు చేశారు. ఢిల్లీలో చనిపోయినవారు 2,733 మంది అని అధికారికంగా లెక్క తేలడానికి 1987 దాకా పట్టింది. ఆ నివేదికలో పేరు కనిపించిన ఒక మాజీ పార్లమెంటు సభ్యునికి ఢిల్లీ హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించింది 2018 డిసెంబరు 17న. అప్పటికి ముప్పై నాలుగేళ్లు గడిచాయి. సంతకం చేసిన కొఠారీ గారు ఆ తీర్పు చూడలేదు. 2015 జనవరి 19న ఢిల్లీలో కన్నుమూశారు.

ఇదే కాలంలో, 1980లో ఆయన 'లోకాయన్' అనే వేదికను మొదలుపెట్టారు. పరిశోధకులను, పల్లెలలో పనిచేసే కార్యకర్తలను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం దాని పని. దీనికి 1985లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది. 1984లో ఆయన 'పార్టీలు కాని రాజకీయం' గురించి ఒక ముఖ్యమైన వ్యాసం రాశారు. పార్టీలు గెలుపోటముల లెక్కలో పడి వదిలేసిన మనుషుల మాటను చిన్న చిన్న సంఘాలు ఎత్తుకుంటాయి, ప్రజాస్వామ్యానికి ఇకమీదట అవే ఆసరా అన్నది అందులోని భావం. 1988లో వచ్చిన 'స్టేట్ ఎగెనెస్ట్ డెమోక్రసీ' అనే గ్రంథంలో, ప్రజాస్వామ్యం పేరుతో ఏర్పడ్డ రాజ్యయంత్రమే ప్రజాస్వామ్యానికి ఎదురు నిలిచిందని వాదించారు. ఆ గ్రంథానికి పెట్టుకున్న ఉపశీర్షికలోనే మానవీయ పరిపాలన కోసం అన్వేషణ అని ఉంది. పరిపాలన, మానవ హక్కులు అనే రెండు చదువులూ ఆయన విషయంలో అక్కడ ఒకటయ్యాయి.

ఈ మార్పును మెచ్చనివారూ ఉన్నారు. శాస్త్రజ్ఞుడు కార్యకర్తగా మారిపోయాడని, చిన్న సంఘాల మీద అంత భరోసా తగదని తోటి పండితులే అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. చిన్న సంఘాలు కూడా విడిపోతాయి, పదవుల కోసం కొట్లాడుకుంటాయి. ఆ సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే సిద్ధాంతం నిలుపుకోవడానికి నిజాన్ని సర్దడం కన్న, నిజం కోసం సిద్ధాంతాన్ని సర్దుకోవడం మేలు కదా. పేరు ప్రతిష్ఠలు వచ్చాక ఆ పని చేయడం ఎవరికైనా కష్టం.

మనకేమి సంబంధం?

పింఛనుదారుల పత్రికలో ఇదంతా ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మనం డిసెంబరు 17న ఈ దినోత్సవం జరుపుకునేది ఎందుకో గుర్తు చేసుకుందాం. 1979 మార్చి 31ని హద్దుగా పెట్టి, అంతకు ముందు రిటైరైనవారికి పెంచిన పింఛను వర్తించదని కేంద్ర ప్రభుత్వం అన్నది. నకారా గారు, మరొక విశ్రాంత ఉద్యోగి సుప్రీంకోర్టుకు వెళ్లారు. వారితోపాటు మూడవ అర్జీదారుగా 'కామన్ కాజ్' అనే స్వచ్ఛంద సంఘం నిలబడింది. 1982 డిసెంబరు 17న ఆ హద్దు చెల్లదని, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఎమర్జెన్సీ తరువాతి సంవత్సరాలలోనే, నోరులేనివారి తరఫున మరొకరు, ఒక సంఘం కోర్టు తలుపు తట్టే వీలు విస్తరించింది. కొఠారీ గారు 1984లో వ్యాసంగా రాసిన విషయం, అంతకు రెండేళ్ల ముందే మన పింఛను రూపంలో జరిగింది.

ఇది పాత కథ కూడా కాదు. కిందటేడు మన సభ్యులలో ఒకరి సతీమణి, ఎనభై దాటిన పెద్దావిడ, ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం వెళ్లారు. వంటింట్లో అరిగిపోయిన వేళ్లు కనుక మిషను వేలిముద్ర పట్టలేదు. ఆమె కౌంటరు ముందు నిలబడే ఉన్నారు, కంప్యూటరులో మాత్రం లేరు. రెండు నెలలు కుటుంబ పింఛను ఆగింది. అక్కడి సిబ్బందీ "మేమేం చేయగలమమ్మా, సిస్టం తీసుకోవడం లేదు" అన్నారు. నాకు వెంటనే ఆ పట్టా కాగితం పెద్దాయన, మా హెడ్ గుమాస్తా గారి మాట గుర్తుకు వచ్చాయి. మన సంఘం తరఫున ముగ్గురు వెళ్లి, నియమాలలో ఉన్న వేరే మార్గం చూపించి, అర్జీ రాసి, రసీదు తీసుకొని వచ్చారు. మరుసటి నెల బకాయితో సహా జమ అయింది. ఆ ముగ్గురిలో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి చూపు సరిగా ఆనదు.

పరిపాలన బాగుందా లేదా అని తేల్చడానికి ఎన్ని కొలతలైనా ఉండవచ్చు. కొఠారీ గారి జీవితం నుంచి నేను గ్రహించిన కొలత ఒక్కటే. కాగితం మీది లెక్కకూ కౌంటరు ముందు నిలబడిన మనిషికీ తేడా వచ్చినప్పుడు, మనిషి మాట వినేవారు ఎవరైనా ఉన్నారా? ఉద్యోగంలో ఉన్నప్పుడు మనం కౌంటరుకు ఆ పక్కన ఉన్నాం, ఇప్పుడు ఈ పక్కకు వచ్చాం. రెండు పక్కలా నిలబడినవారికి ఈ ప్రశ్న మిగతా అందరికన్న బాగా తెలియాలి.

మన పిల్లలలో, మనవలలో ఇప్పుడు ప్రభుత్వోద్యోగంలో ఉన్నవారికి ఈ సంచిక ఒకసారి చదవమని ఇవ్వండి. రాజనీతిశాస్త్రం చదువుతున్నవారుంటే 'పాలిటిక్స్ ఇన్ ఇండియా'తో పాటు 'స్టేట్ ఎగెనెస్ట్ డెమోక్రసీ' కూడా చదవమని చెప్పండి. మొదటిది పరీక్షకు పనికివస్తుంది, రెండవది ఉద్యోగం వచ్చాక పనికివస్తుంది. ఇక సంఘం చందా ఈ ఏడాదికి ఇంకా కట్టనివారు కోశాధికారి గారిని కలుసుకోవలసిందిగా మనవి. పెద్దావిడ పనికి ఆ ముగ్గురూ వెళ్లి వచ్చిన ఆటో ఖర్చు ఆ చందాలోనిదే.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకు పింఛనుదారుల దినోత్సవ శుభాకాంక్షలు.